సారలమ్మ కప్పను అరువిచ్చిన ఆదివారం

గోదావరిఖనిలో ఆ బొగ్గుబావికి దిగేవాళ్ళందరికీ సారలమ్మ చెయ్యి తెలుసు. ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. ల్యాంప్ రూం కిటికీ అలాంటిది మరి. ఎవరు కట్టించారో గానీ, మొలబంటి ఎత్తులో పళ్ళెం పట్టేంత కంత పెట్టి వదిలేశారు. షిఫ్టుకు వచ్చిన మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్లను ఆ కంతలో పెడతాడు. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి బిళ్ల తీసుకుని, అదే నంబరున్న టోపీ దీపాన్ని బయటికి తోస్తుంది. బిళ్ల పోయి బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. షిఫ్టు దిగాక దీపం లోపలికి వస్తుంది, బిళ్ల బయటికి పోతుంది. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే దాని మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఆ లెక్క తేలేదాకా సారలమ్మ కిటికీ మూయదు.

ఈ కిటికీ వెనక కూర్చునేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు. మొగుడు నర్సింగం బావిలోకి ఏళ్ళ తరబడి దిగి, ఏ ఆపదా లేకుండా ఎక్కినవాడు. ఇంటి దగ్గర కామెర్లతో పోయాడు. పసరు మందు వేసే ఊళ్ళన్నీ తిరిగి, ఇక లాభం లేదని దవాఖానకు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆయన కొలువు ఈమెకిచ్చారు. పిల్లలు లేరు. పుట్టిల్లు నది అవతల జైపూర్ పక్కన పల్లె. అక్కడి అన్నదమ్ములు పొలం పనికీ, కరెంటు ప్లాంటు పనికీ మధ్య పరుగులు పెడుతూ పెళ్ళికో చావుకో తప్ప ఫోన్ చేయరు. అలా కంపెనీ క్వార్టర్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఇంట్లో ఒక్కతే ఉన్నంత మాత్రాన లోకంలో ఒక్కతే కావాలని ఏమీ లేదు. క్వార్టర్ల లైన్లో ఇరుగుపొరుగు ఉంటారు. సాయంత్రమైతే గడపల మీద చేరి, చిక్కుడుకాయలు వలుస్తూ ఊరందరి బాగోగులూ తామే చూసుకునే ఆడవాళ్ళుంటారు. సారలమ్మకు ఆ భాగ్యం షిఫ్టు వల్ల పోయింది. కొలువులో చేరిన కొత్తలో తోటివాళ్ళు, "నీకేంది సారక్కా, ఇంట్ల ఎదురుచూసెటోళ్ళు ఎవరున్నరు? సెకండ్ షిఫ్టు నువ్వే చెయ్యరాదు" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. కానీ తన సంగతి వచ్చేసరికి నోట్లో నాలుక లేని మనిషి, సరేనంది. ఆ సరే ఇరవై ఏళ్ళు దాటి ఇంకా నడుస్తోంది. మధ్యాహ్నం మూడింటికి ఎక్కి, రాత్రి పదకొండుకు దిగే డ్యూటీ. ఆడవాళ్ళు గడపల మీదికి చేరే వేళకు ఈమె కిటికీ వెనక ఉంటుంది. ఈమెకు తీరికుండే పొద్దుటిపూట వాళ్ళకు ఊపిరి సలపదు. ఎవరితో తగాదా లేదు, ఎవరితో మాటా లేదు. ఆదివారం అందరికీ సెలవు. అదీ ఇంట్లో గడవక, పేరు రాయించుకుని ప్లేడే డ్యూటీకి పోతుంది. సెలవు రోజు పనికి రెట్టింపు జీతం కోసం పోతోందని లైన్లో అనుకుంటారు. అనుకోనీ.

తన సంగతిలో నాలుక లేదన్నాను గానీ, దీపాల సంగతిలో మాత్రం మొండిఘటం. ఒకసారి షిఫ్టు దిగి అందరూ పోయాక బోర్డు మీద ఒక బిళ్ల మిగిలింది. అది ఎదురు లైన్లో ఉండే కొమురెల్లిది. "ఇంటికి పోయుంటడు తియ్యి" అన్నారందరూ. సారలమ్మ వినలేదు. బావి కిందికి ఫోన్ చేయించింది, పైన వెతికించింది, ఆఖరుకు అతని ఇంటికే మనిషిని పంపింది. పాపం కొమురెల్లి ఆ రోజు ఒళ్ళు తెలియని అలసటతో దీపం, దాని బ్యాటరీ నడుముకు కట్టుకునే ఇంటికొచ్చి, బూట్లతోనే మంచం మీద పడి గుర్రు పెడుతున్నాడు. లేపి మరీ దీపం విప్పించుకున్నారు. మర్నాడు ఆఫీసులో అక్షింతలు పడ్డాయి. ఆనాటి నుంచి ఆమె ఎదురుపడితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. అతని తల్లి లస్మవ్వ, భార్య సంధ్యారాణి అంత పట్టింపున్న మనుషులు కారు. కానీ ఇంటి మగవాడు తిప్పుకున్న ముఖాన్ని కాదని పలకరింపు ఎలా మొదలుపెడతారు? వాళ్ళూ ఊరుకున్నారు, ఈమె ఊరుకుంది.

ఇక కప్పల సంగతి.

సారలమ్మ క్వార్టరు వెనక నాలుగు మూరల దొడ్డి, అందులో భూమికి సమంగా కట్టిన ఒక పాత సిమెంటు నీళ్ళ హౌజు ఉన్నాయి. ఇంతకుముందు ఉన్నవాళ్ళు బర్రె కోసం కట్టుకున్నారట. ఒక అంచు విరిగి, నీళ్ళలోకి దిగడానికి వాలుగా మట్టి పేరుకుంది. సారలమ్మ దాన్ని పూడ్చేద్దామనుకుంటూనే చుట్టూ పుదీన, చామ నాటింది. నల్లా వచ్చినప్పుడు పైపు అందులో వదిలేది, చెట్లకు ముంచిపోయడానికి. రెండేళ్ళ కింద ఒక తొలకరి రోజున డ్యూటీ నుంచి వచ్చి వెనక బల్బు వేస్తే, హౌజు గట్టు మీద ఒక గోండ్రుకప్ప కూర్చుని ఉంది. ఒళ్ళంతా బొడిపెలు, బానకడుపు, పచ్చటి కళ్ళు. బల్బు కింద రాలిన ఉసిళ్ళను తీరిగ్గా ఒక్కొక్కటే నాలుకతో అందుకుంటోంది. ఆమెను చూసి బెదరలేదు. తిని తిని, నాలుగడుగులు నడిచి, ఒకసారి ఎగిరి, మళ్ళీ నడిచి చామ ఆకుల కిందికి పోయింది.

మర్నాడు అది మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు వెంట వచ్చాయి. సారలమ్మ వెనక బల్బు ఆర్పడం మానేసింది. దీపం ఉంటే పురుగులొస్తాయి, పురుగులుంటే ఇవి వస్తాయి. ఇంటికి వచ్చేసరికి తనకోసం ఏవో కళ్ళు తెరిచి ఉంటాయన్న ఆశ చిన్నదేం కాదు. అవి తనకోసం కాదు, ఉసిళ్ళ కోసం వస్తున్నాయని ఆమెకు తెలుసు. తెలిసీ సంతోషపడింది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. పేర్లంటే ఏం, ఆమెకు తెలిసిన లోకం బొగ్గుబావే, అక్కడి కొలువుల హోదాలే పేర్లయ్యాయి. గట్టు మీద కూర్చుని కదలకుండా అన్నీ అజమాయిషీ చేసే లావుపాటిది ఓవర్‌మెన్. దాని వెనకే తిరిగేది సర్దార్. ఎక్కడా కుదురుగా ఉండక ఈ మూల ఆ మూల గెంతే చిన్నది బదిలీ. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేల్చే బ్లాస్టింగ్‌కు కిటికీ రెక్కలు గజగజలాడితే సర్దార్, బదిలీ బుడుంగున మునిగేవి. ఓవర్‌మెన్ కళ్ళు మూసి తెరిచేది, అంతే.

పోయినేడు మొదటి పెద్దవాన నాడు ఆ హౌజులో జరిగిన గోల ఇంతా అంతా కాదు. ఎక్కడెక్కడి నుంచో కప్పలు దిగాయి. గొంతులు బుడగల్లా ఉబ్బించి, ఎడతెగకుండా కుర్రుమని అరుపులు. అప్పుడు తెలిసింది, ఓవర్‌మెన్ ఆడదని. చిన్నది బదిలీయే దాని వీపు మీదెక్కి కరుచుకుని కూర్చుంది. పొద్దున చూస్తే చామ కాడల చుట్టూ నల్లపూసల దండల్లా పొడవాటి గుడ్ల సరాలు. సారలమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాలుగు రోజులకు ఆ పూసలకు తోకలొచ్చాయి, తర్వాత కాళ్ళొచ్చాయి, ఆఖరుకు గోరంత గోరంత కప్పపిల్లలు దొడ్డి నిండా గెంతుతుంటే అడుగు తీసి అడుగు వేయడానికి ఆమె అవస్థ పడింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ల్యాంప్ రూంలో పెద్దాయన వీరేందర్‌కు చెబితే, "కప్పలు గుడ్లు పెట్టక ఇంకేం పెడ్తయి సారమ్మా" అన్నాడు.

కొమురెల్లి మాత్రం మౌనం విడిచి ఒక మాటన్నాడు. ఆ వారం ఫస్ట్ షిఫ్టు, రాత్రి నిద్ర పాడైందని వచ్చి గోడ అవతల నిలబడి, "ఏందక్కా గీ లొల్లి? నీ కప్పలకు డ్యూటీ టైం ఏందో చెప్పరాదు" అన్నాడు. అది వెటకారం. అయినా సారలమ్మ ఆ మాటను చాలా రోజులు గుర్తు చేసుకుని నవ్వుకుంది. ఎంతైనా మాటే కదా.

ఈ ఏడు వాన జాడ లేదు. మృగశిర వట్టిగా పోయింది, ఆరుద్ర కూడా అదే దారి పట్టింది. ఆకాశం ఊడ్చినట్టుంది. బొగ్గుదుమ్ము లేచి ఆరేసిన బట్టల మీద పడుతోంది. మురికినీటి మోరీలు ఎండి పగిలాయి. ఆ చుట్టుపక్కల తడి మిగిలింది సారలమ్మ హౌజులోనే. కప్పలన్నీ దాన్ని పట్టుకుని ఉన్నాయి గానీ ఒక్కటీ నోరు విప్పడం లేదు. ఓవర్‌మెన్ పొట్ట గుడ్లతో బిగిసి, నడక కూడా భారమై, పుదీన పక్కన పరిచిన తడి గోనె కింద పడి ఉంటోంది. "ఆగు తల్లీ, పడుతది" అని సారలమ్మ రోజూ గోనె మీద నీళ్ళు చల్లేది.

అలాంటి ఒక ఆదివారం పొద్దున, వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఒకటి కాదు, చాలా. సారలమ్మ చీపురు పక్కన పెట్టింది. తన వాకిట్లో ఇంతమంది నిలబడింది నర్సింగం పోయిన నాడే.

తలుపు తీస్తే లస్మవ్వ, సంధ్యారాణి, వాళ్ళ వెనక లైన్ల ఆడవాళ్ళు గుంపుగా. చేతుల్లో వేపమండలు, లస్మవ్వ భుజాన రోకలి.

"సారమ్మా, కప్పతల్లి ఆడుతున్నం బిడ్డా" అంది లస్మవ్వ ఉపోద్ఘాతం లేకుండా. "వాన కోసం. రోకలి దొరికింది, మండలు దొరికినయి. కప్పే దొరుకుతలేదు. ఖని మొత్తం ఎండవట్టె, ఏడుంటయి? నీ ఇంట్ల ఉన్నయని నా కోడలు చెప్పింది."

వాన మొండికేస్తే అక్కడి ఆడవాళ్ళు చేసేది ఇదే. కప్పను తడిగుడ్డలో వదులుగా మూటగట్టి, వేపమండలతో రోకలి నడుమ వేలాడదీసి, ఇద్దరు చెరో కొస భుజాన వేసుకుని పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంట్లో కప్ప మీద చెంబెడు నీళ్ళు పోసి, ఇన్ని బియ్యం పెడతారు. ఆ బియ్యం వండుకుని అందరూ ఒకచోట కూర్చుని తింటారు. తర్వాత కప్పను నీళ్ళలో విడిచిపెడతారు. ఎప్పుడైనా సారలమ్మ డ్యూటీకి పోతూ దూరం నుంచి ఆ పాట విన్నదే గానీ, నడిచింది లేదు, తిన్నది లేదు.

"ఉన్నయి అవ్వా, రాండ్రి, లోపలికి రాండ్రి" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అందరినీ వెనక దొడ్డిలోకి తీసుకుపోయింది. ఉన్న ఒక్క కుర్చీ లస్మవ్వకు వేసింది. ఆడవాళ్ళు హౌజు చుట్టూ మూగి, "అబ్బ, ఎంత సల్లగున్నది ఈడ" అన్నారు. "చామకూర గింత మంచిగ పెంచినవు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ దొడ్డిలో అన్ని మాటలు ఎన్నడూ వినపడలేదు. సారలమ్మ ప్రతి మాటకూ తల ఊపింది.

ఆమె గోనె పైకెత్తగానే సంధ్యారాణి కేకపెట్టింది. "అత్తా, గిదే కావాలె! ఎంత పెద్దగున్నదో సూడు!"

అది ఓవర్‌మెన్. సారలమ్మ చేయి ఆగింది. "గది కడుపుతోని ఉన్నది. వేరేది తియ్యనా?"

"కడుపుతోని ఉన్నదే మంచిది బిడ్డా. కడుపుల ఉన్నది మొక్కితే వాన దేవుడు కాదంటడా" అంది లస్మవ్వ.

కాదంటే వీళ్ళు వెళ్ళిపోతారు. ఔనంటే ఓవర్‌మెన్ వెళ్ళిపోతుంది. సారలమ్మ ఆ రెంటి మధ్య ఒక నిమిషం నలిగింది. రెండు చేతులతో కప్పను ఎత్తింది. ఎవరూ ముట్టుకోవడానికి సాహసించలేదు కాబట్టి ఆమే తడిగుడ్డలో పెట్టి, ఊపిరాడేలా కట్టింది. సంధ్యారాణి పక్కకొచ్చి, "అక్కా, నువ్వు గూడ మాతోని రారాదు. ఒక్కదానివి ఇంట్ల ఏం జేస్తవు" అంది మెల్లగా.

ఆ మాటకు సారలమ్మకు ప్రాణం లేచొచ్చింది. సంతోషంలో మనిషి ఏం చేస్తుందో మనిషికి తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఏదిచ్చినా ముందు చేయి చాపిన మనిషి, మూట లస్మవ్వకు అందిస్తూ ఎడమచేయి చాపింది.

"బిళ్ల పెట్టు అవ్వా. మల్ల తెచ్చిచ్చినంక తీస్కపోదువు."

అది సగం పరాచికం, సగం అలవాటు. ల్యాంప్ రూంలో ఎవరైనా నవ్వేవాళ్ళు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. లస్మవ్వ ముఖం మాడిపోయింది.

"ఏందీ? కప్పకు తాకట్టా? నా కొడుకు దీపానికి మనిషిని తోలినవు, ఊకున్న. గిప్పుడు గీ కప్పను మేం తింటమా, అమ్ముకుంటమా?" అంటూ రొండిన చెక్కుకున్న తాళాల గుత్తి లాగి హౌజు గట్టు మీద పెట్టింది. "ఇగో, నా బీరువ తాళం. పెట్టుకో."

"అవ్వా, గట్ల కాదు, నేను నవ్వులకు..."

"నడువుండ్రే" అంది లస్మవ్వ.

వాకిలి ఖాళీ అయింది. సంధ్యారాణి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది గానీ, రమ్మని మళ్ళీ అనలేదు. పాట లైను చివరిదాకా పోయి, మలుపు తిరిగి, సన్నబడిపోయింది. సారలమ్మ ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని అక్కడే కూలబడింది. దాన్ని నరుక్కోవాలనిపించింది.

ఆమెకు ఆ మధ్యాహ్నం ప్లేడే ఉంది. కానీ వాళ్ళు కప్పను తెచ్చివ్వడానికి వస్తారు, తాళాల కోసమైనా వస్తారు, అప్పుడు తను ఇంట్లో లేకపోతే? వచ్చినప్పుడు చేతులు పట్టుకుని, తప్పైంది అవ్వా అనాలి. ఇంకోసారి రమ్మంటే చెప్పులు కూడా వేసుకోకుండా పోవాలి. వీరేందర్‌కు ఫోన్ చేసి ఇవాళ రాలేనంది.

"నువ్వా? నాగానా?" అన్నాడాయన. "పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఇంటికి సుట్టాలొస్తరు" అంది. అబద్ధమని అనిపించలేదు.

బియ్యం కడిగి పెట్టుకుంది, చాయ్‌కి పాలు తెప్పించింది, ఇల్లు రెండుసార్లు ఊడ్చింది. కాలుగాలిన పిల్లిలా వాకిలికీ దొడ్డికీ తిరిగింది. ఎండ నడినెత్తికొచ్చి వాలింది. ఎవరూ రాలేదు. పొద్దు దిగుతుండగా గాలి స్తంభించింది, పడమట ఒక మబ్బు లేచింది. ఇక ఉండబట్టలేక తాళాల గుత్తి కొంగున కట్టుకుని బయలుదేరింది.

లైన్ల వెనక పాత క్వార్టర్లు కూల్చేసిన జాగా ఉంది. గోడలు పోయి నేల బండలు మాత్రం మిగిలాయి. ఆ బండల మీద ఆడవాళ్ళు బంతి కూర్చుని ఉన్నారు. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గిన్నె, పప్పుచారు వాసన, నవ్వులు. సారలమ్మ కళ్ళు వాళ్ళ మీద నిలవలేదు. వేపచెట్టుకు ఆనించిన రోకలి మీద పడ్డాయి. నీడ జరిగిపోయి రోకలి ఎండలోకొచ్చింది. మండలు వాడాయి. మూట గుడ్డ అప్పడంలా ఎండింది.

ఆమె ఎవరినీ పలకరించకుండా పరుగున పోయి మూట విప్పింది. ఓవర్‌మెన్ చర్మం పొడిబారి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. కదలడం లేదు. గొంతు కింద మాత్రం సన్నగా కొట్టుకుంటోంది.

"అయ్యో, మర్సిపోయినం గదనే!" అని లస్మవ్వ ఎంగిలిచేత్తోనే లేచి వచ్చింది. ముసలమ్మ ముఖంలో పొద్దుటి కోపం లేదు. కప్పను చూసి నొచ్చుకుంది. "తిన్నంక తెద్దమనుకున్నం బిడ్డా. మాటలల్ల పడి సోయి లేకపాయె."

సారలమ్మ కొంగు ముడి విప్పి తాళాలు ఆమె చేతిలో పెట్టింది. "నాదే తప్పు అవ్వా. నా నోరు గట్ల జారింది. నీ మీద నమ్మకం లేక కాదు."

"పోనియ్యి తియ్యి. నీ పనే గది. నా కొడుకు నాడు బాయిల ఉంటే ఏమగునో అని నువ్వు గాకపోతే ఎవలు సూసెటోళ్ళు, నేను గది ఎన్నడో అనుకున్న. వాని ముంగట అనలె." లస్మవ్వ ఆమె మోచేయి పట్టుకుంది. "నీ కప్పతోని తెచ్చిన బియ్యమే ఇవి. కూసో, నాలుగు మెతుకులు తిను."

సంధ్యారాణి అప్పటికే జరిగి తన పక్కన చోటు చేసింది. కొత్త ఇస్తరి పరిచి నీళ్ళు చిలకరించింది. ఆడవాళ్ళందరూ ఆమెవైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో వెటకారం లేదు. ఇన్నేళ్ళు ఏ చోటు కోసం ఆమె ఆకలిగొన్నదో ఆ చోటు రెండు మోకాళ్ళ మధ్య జానెడు ఖాళీగా కనిపిస్తోంది. సారలమ్మకు కూర్చోవాలని ఎంతగా ఉందంటే కాళ్ళు వాటంతటవే వంగాయి. చేతిలో ఓవర్‌మెన్ గొంతు ఒకసారి కొట్టుకుని, చాలాసేపు ఆగి, మళ్ళీ కొట్టుకుంది.

"దీన్ని నీళ్ళల్ల ఏసి వస్త అవ్వా. ఒక్క ఐదు నిమిషాలు."

"జల్ది రా. నీ ఇస్తరి ఆపిపెడ్త" అంది లస్మవ్వ.

సారలమ్మ ఉరికింది. ఈ వయసులో తనకు ఉరకడం వచ్చని ఆమెకే తెలియదు. దొడ్డిలోకొచ్చి ఓవర్‌మెన్‌ను వాలు మీద పెట్టి, నీళ్ళు దోసిటతో పోసింది. పెట్టి వెళ్ళిపోవచ్చు. బతికితే బతుకుతుంది. కానీ లోపలికి పోయిన మనిషి బయటికి రాకుండా కిటికీ మూసే అలవాటు ఆమెకు లేదు. "కదులు తల్లీ, ఒక్కపారి కదులు, నేను పోవాలె" అని బతిమాలుతూ పోస్తూనే ఉంది. ఐదు నిమిషాలు పది అయ్యాయి, పది ఎన్నో అయ్యాయి. మబ్బు నెత్తిమీదికొచ్చింది. మొదటి చినుకు చామ ఆకు మీద టప్పున పడింది. ఇంకోటి ఓవర్‌మెన్ వీపు మీద పడింది. అది కన్ను మూసి తెరిచింది. ముందుకాలు జరిపింది. తర్వాత మొత్తం ఒళ్ళంతా ఒక్క ఊపు ఊపి నీళ్ళలోకి జారిపోయింది.

సారలమ్మ లేచేసరికి వాన కుండపోతగా దిగింది. గోడల మీద, రేకుల మీద, బొగ్గుదుమ్ము మీద. లైన్లలో పిల్లలూ పెద్దలూ కేకలు. వెనక హౌజులో సర్దార్ మొదటి కూత పెట్టింది, దానికి బదులుగా ఇంకోటి. గోడ కింద నుంచి, మోరీ నుంచి, ఎక్కడెక్కడి నుంచో కప్పలు దిగుతున్నాయి. పోయినేడు అయితే గొడుగేసుకుని అక్కడే కూర్చునేది. ఇప్పుడు వెనక్కి చూడకుండా వానలో పరుగెత్తింది.

కూల్చిన క్వార్టర్ల జాగాలో ఎవరూ లేరు. పొయ్యి పొగలు చిమ్మి ఆరిపోయింది. బండల మీద ఇస్తర్లు నీళ్ళలో తేలి ఒకదాని మీదికొకటి పోతున్నాయి. గిన్నె లేదు, రోకలి లేదు. సారలమ్మ బండల నడుమ నిలబడి అటూ ఇటూ చూసింది. ఊరంతా మొక్కి పిలిపించుకున్న వాన అది. ఆమెకు మాత్రం దాన్ని నోరారా తిట్టాలనిపించింది.

లస్మవ్వ ఇంటి కిటికీలో దీపం వెలుగుతోంది. లోపల అందరూ ఇరుక్కుని కూర్చున్నట్టున్నారు, నవ్వులు బయటికి వినిపిస్తున్నాయి. సారలమ్మ వాకిట్లోకి పోయి తలుపు ముందు నిలబడింది. చేయి ఎత్తింది. ఏమని తట్టాలి? అన్నం తినడానికొచ్చానని ఎలా చెప్పాలి? వాళ్ళు తినేశారు, తడిసిన మనిషి లోపలికి వస్తే ఇల్లంతా నీళ్ళు. లక్షసార్లు కంతలోంచి బయటికి చాచిన చేయి, తలుపు మీద వేయడానికి రాలేదు.

ఇంతలో లోపల కిటికీ గట్టు మీద ఆమె చూపు పడింది. ఒక ఇస్తరి నిండా అన్నం, దాని మీద ఇంకో ఇస్తరి బోర్లించి, గాలికి ఎగరకుండా పైన చెంబు పెట్టి ఉంది. పక్కనే సంధ్యారాణి కూర్చుని దానికి జల్లు కొట్టకుండా చూస్తోంది.

తనకోసం ఎవరైనా అన్నం దాస్తారన్న ఊహే లేని సారలమ్మ లెక్క వేసుకుంది. బావిలో ఎవరు ఏ షిఫ్టో ఆమెకు నిద్రలో అడిగినా తెలుసు. ఈ ఆదివారం ప్లేడే సెకండ్ షిఫ్టు లిస్టులో కొమురెల్లి నంబరుంది. పదకొండు దాటితే గానీ ఇంటికి రాడు. వానలో తడిసి, ఆకలితో వస్తాడు.

డ్యూటీ మీదున్న మనిషికి అన్నం దాచి కూర్చున్నారు, ఎంత మంచి ఇల్లు అనుకుంది. ఎత్తిన చేయి దించుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి, వానలో ఇంటిదారి పట్టింది.